అత్తగారి పళ్ళ సెట్టు, అంగిట్లో ఫంగస్, కోడలి మీద నింద

గుంటూరు నుంచి నలభై నాలుగేళ్ళ గృహిణి ఒకరు, పేరు వేయవద్దని కోరుతూ ఆరు పేజీల ఉత్తరం రాశారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి. ఆవిడ అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. పదేళ్ళకు పైగా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. తొమ్మిదేళ్ళ క్రితం పైవరసా కిందివరసా పూర్తి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. నిరుడు పై సెట్టు చేయి జారి బాత్రూం గచ్చు మీద పడి రెండు ముక్కలైతే, దగ్గర్లోని ఒక క్లినిక్‌లో గంటలో అతికించి ఇచ్చారు. ఆ తర్వాత సెట్టు వదులైందని లోపలివైపు మెత్తటి పొర వేశారు. ఆ పొర వేసి ఏడాది దాటింది.

ఆరు నెలలుగా అత్తగారి అంగిలి ఎర్రగా ఉంటోంది, పెదవుల మూలలు చీలుతున్నాయి, ఆవకాయ మాట అటుంచి చారులో మిరియాల ఘాటుకే నోరు మండిపోతోంది. డాక్టరు గారు చూసి ఫంగస్ అని చెప్పి నోట్లో పూసే మందు ఇచ్చారు. రెండుసార్లు తగ్గింది, రెండుసార్లూ నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన ఆడపడుచు తల్లి నోరు చూసి, చుట్టాలందరి ముందూ "అమ్మ పళ్ళకు బూజు పట్టేదాకా చూస్తూ కూర్చున్నావా వదినా?" అని అడిగింది. ఆనాటి నుంచి ఈవిడ సెట్టును రోజుకు మూడుసార్లు టూత్‌పేస్టు వేసి గట్టి బ్రష్షుతో తోమి, సలసల కాగిన నీళ్ళలో వేసి తీస్తున్నారు. అయినా గుణం కనిపించలేదు.

ఇప్పుడు కొత్త సెట్టు ప్రస్తావన వచ్చింది. గుంటూరులో ఒక డాక్టరు మామూలు యాక్రిలిక్ సెట్టు చేయిస్తామన్నారు. మరొకరు వంగే రకం, అంటే ఫ్లెక్సిబుల్ సెట్టు మంచిదన్నారు. విజయవాడలో ఒక క్లినిక్‌లో కంప్యూటర్‌లో డిజైను చేసి మిషన్ మీద చెక్కించే సెట్టుకు మామూలుదానికి మూడింతల ధర చెప్పారు. ఆడపడుచు ఫ్లెక్సిబుల్ సెట్టుకు తానే డబ్బిస్తానంటోంది. భర్తగారు అమ్మ ఎలా అంటే అలా అంటున్నారు. అత్తగారు అసలు ఏదీ వద్దంటున్నారు. ఇక ఆరో పేజీ చివర, మిగిలిన చోట్లో ఇరికించి రాసిన నాలుగు పంక్తులున్నాయి: అత్తగారు రాత్రి పూట సెట్టు తీయరు. మామగారు బతికున్న రోజుల్లో ఆయనకు కూడా ఆవిడ బోసినోటితో కనపడలేదట. ఇప్పుడు పదో తరగతి చదివే మనవరాలు అదే గదిలో పడుకుంటోంది.

"తప్పు నాదేనా? ఏ రకం సెట్టు పెట్టిస్తే ఫంగస్ రాకుండా ఉంటుంది? రాత్రి తీయమని ఆవిడకు నేనెలా చెప్పాలి?" అన్నవి వారి ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరాన్ని నేను చివరి నుంచి మొదటికి చదివాను. ఆరో పేజీ అడుగున ఇరికించిన ఆ నాలుగు పంక్తులే మొదటి పేజీలో ఉండవలసినవి. అయితే మీరు అడిగిన వరసలోనే చెప్పుకొస్తాను, ఎందుకంటే నింద మనసులో ముల్లులా ఉన్నంతసేపూ తక్కిన మాటలు తలకెక్కవు.

ముందుగా ఈ ఫంగస్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. దీని పేరు క్యాండిడా. ఇది మీ ఇంటి గచ్చు మీద నుంచో, కడగని గిన్నె నుంచో పాకి వచ్చినది కాదు. ఏ జబ్బూ లేని చాలామంది నోళ్ళలో ఇది కాసింత ఎప్పుడూ ఉంటుంది. లాలాజలం దాన్ని కడుగుతూ, నోట్లోని తక్కిన సూక్ష్మజీవులు దానికి చోటివ్వకుండా అణిచి ఉంచుతాయి. పై సెట్టు అంగిలిని పూర్తిగా మూసేస్తుంది కాబట్టి, దాని కింద లాలాజలం పారదు, గాలి ఆడదు, వెచ్చగా, తడిగా, కాస్త పుల్లగా ఉంటుంది. బూజు పెరగడానికి అంతకంటే అనుకూలమైన చోటు మనమే కట్టి ఇచ్చినట్టవుతుంది. అందుకే ఈ ఎరుపు దాదాపు ఎప్పుడూ పై దవడకే, సెట్టు అంచు ఎంతవరకు ఉంటే అంతవరకు, గీత గీసినట్టు వస్తుంది. కింది సెట్టు చుట్టూ లాలాజలం ఆడుతుంది కనుక అక్కడ తక్కువ. మీ అత్తగారి కింది దవడ బాగానే ఉందని మీరే రాశారు. రెండు సెట్లనూ కడిగేది మీరే. శుభ్రత ఒక్కటే కారణమైతే కిందిది కూడా అలాగే ఉండాలి కదా. మీ ఆడపడుచు గారి ప్రశ్నకు జవాబు మీ ఇంట్లోనే ఉంది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. సంక్రాంతి తర్వాత మీరు చేసిన పని మాత్రం మేలు చేయలేదు. టూత్‌పేస్టులో పళ్ళ మీది పాచిని రుద్ది తీయడానికి సన్నటి పొడి కలుపుతారు. పంటి మీది ఎనామిల్ గట్టిది కాబట్టి దానికి తట్టుకుంటుంది. యాక్రిలిక్ అంతకంటే చాలా మెత్తన. రోజుకు మూడుసార్లు గట్టి బ్రష్షుతో తోమితే కంటికి కనపడని గీతలు వేలకు వేలు పడతాయి. సెట్టు ఉపరితలం సగటు గరుకుదనం 0.2 మైక్రాన్లు దాటితే సూక్ష్మజీవులు పట్టుకోవడం ఎక్కువవుతుందని దంత శాస్త్రంలో ఒక కొలత పెట్టుకున్నారు. 0.2 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఐదువేలవ వంతు. క్యాండిడా కణం దానికంటే పెద్దది, మూడు నుంచి ఆరు మైక్రాన్లు ఉంటుంది. లోతైన గీతలోనో గుంటలోనో ఒకసారి కుదురుకున్నదంటే దాన్ని బ్రష్షు పోచ అందుకోలేదు. అక్కడి నుంచి అది సన్నటి పోగులు సాచి, పైన జిగురు పొర కప్పుకుని, మందుకు కూడా లొంగకుండా తయారవుతుంది. ఇక కాగే నీళ్ళకు యాక్రిలిక్ వంకర పోతుంది, మెత్తటి పొర పాడవుతుంది. సెట్టు ఇంకాస్త వదులైందని మీరు రాసినదానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇదంతా ఆరు నెలల జబ్బుకు మూలం కాదు, ఎందుకంటే జబ్బు ముందే ఉంది, మీ తోముడు సంక్రాంతి తర్వాత మొదలైంది. భయంతో చేసిన పని, మానేస్తే చాలు.

మూలం ఎక్కడుందో చెప్పాలంటే సెట్టు తయారీ గురించి కాస్త విపులంగా చెప్పక తప్పదు. నేను ముప్పై ఏళ్ళు ఆ పని దగ్గర నిలబడి నేర్పినవాడిని కాబట్టి, ఈ భాగం నాకు ఇష్టమైనదని కూడా ఒప్పుకుంటున్నాను.

మన కట్టుడు పళ్ళ చిగురు భాగం చేసే గులాబి రంగు పదార్థం పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. వాడుకలో యాక్రిలిక్ అంటాం. 1930ల చివర్లో ఇది వచ్చేదాకా, పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి, గట్టిపరచిన ముదురు రంగు రబ్బరుతో సెట్లు చేసేవారు. యాక్రిలిక్ పొడిగానూ ద్రవంగానూ వస్తుంది. మూడు పాళ్ళు పొడికి ఒక పాలు ద్రవం కలిపితే పిండిముద్దలా అవుతుంది. ఆ ముద్దను ప్లాస్టరు అచ్చులో కూరి, బిగించి, నీళ్ళలో పెట్టి నిదానంగా కాస్తారు. 74 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉంచడం ఒక పద్ధతి. రెండు గంటలు 74 దగ్గర ఉంచి, తర్వాత ఒక గంట మరిగే నీటి వేడిలో ఉంచడం మరొక పద్ధతి. ఇంత నిదానం ఎందుకంటే, ఆ ద్రవం దాదాపు 100 డిగ్రీల దగ్గర తానే మరిగి ఆవిరవుతుంది, పైగా గట్టిపడేటప్పుడు లోపల తన వేడి తాను పుట్టిస్తుంది. తొందరపడి మంట పెంచితే లోపలి ద్రవం బుడగలు కట్టి, ఆ బుడగలు అలాగే గట్టిపడిపోతాయి. దిబ్బరొట్టె పెద్దమంట మీద పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. దాని లోపలిది పచ్చిగా ఉన్నా తిని ఊరుకుంటాం, పళ్ళ సెట్టు పచ్చి మాత్రం తొమ్మిదేళ్ళు అంగిలిని అంటుకుని ఉంటుంది. "సాయంత్రానికి ఇచ్చేయాలి" అని ల్యాబు మీద ఒత్తిడి తెచ్చే మాకు కూడా ఇందులో వాటా ఉంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. సెట్టు బయటివైపు, అంటే నాలుకకూ బుగ్గకూ తగిలే వైపును ప్యూమిస్ పొడితో, చక్రం మీద అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేస్తారు. అంగిలిని అంటుకునే లోపలివైపును పాలిష్ చేయరు, చేస్తే అరిగి బిగువు పోతుంది. కాబట్టి ప్లాస్టరు అచ్చు ఎంత నునుపుగా ఉంటే లోపలివైపు అంత నునుపు. అచ్చులో గాలి బుడగ ఉంటే సెట్టు మీద బొడిపె, అచ్చు గరుకైతే సెట్టు గరుకు. ఫంగస్ కూర్చునేది సరిగ్గా ఆ వైపే. ఒకే డబ్బా పొడితో చేసిన రెండు సెట్లలో ఒకటి శుభ్రంగా ఉండి, ఒకటి బూజు పట్టడం నేను చూశాను. పదార్థం పేరు కంటే చేసిన చేయి ముఖ్యమని నేననేది అందుకే.

ఇప్పుడు మీ అత్తగారి సెట్టు దగ్గరికి వద్దాం. అది ఈవేళ ఒక వస్తువు కాదు, మూడు వస్తువుల అతుకు. తొమ్మిదేళ్ళ నాటి వేడితో గట్టిపరచిన యాక్రిలిక్ మొదటిది. గంటలో అతికించారంటే ఆ అతుకు వేడి లేకుండా దానంతటదే గట్టిపడే రకంతో వేసి ఉంటారు. అందులో గట్టిపడకుండా మిగిలిపోయే ద్రవమూ ఎక్కువ, సన్నటి రంధ్రాలూ ఎక్కువ. అతుకు వేయడం తప్పు కాదు, ఆ పూట ఆవిడ పళ్ళు లేకుండా ఇంటికి వెళ్ళకుండా కాపాడింది. కానీ పాత, కొత్త పదార్థాలు కలిసే గీత ఒకటి లోపలివైపు మిగిలిపోతుంది. మూడోది ఆ మెత్తటి పొర. నా అనుమానం అన్నింటికంటే దీని మీద. మెత్తటి పొరలు రెండు జాతులు. యాక్రిలిక్ జాతి పొరను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం నెలలు గడిచేకొద్దీ లాలాజలంలోకి కారిపోయి, ఆ ఖాళీల్లో నీరూ ఫంగసూ చేరతాయి, పొర గట్టిపడి పెళుసవుతుంది. సిలికాను జాతి మెత్తగా ఎక్కువకాలం ఉంటుంది గాని అంచుల దగ్గర ఊడి సందులిస్తుంది. పుండు పడ్డ అంగిలికి తాత్కాలికంగా వేసే పొరలైతే కొన్ని రోజులకో, రెండు వారాలకో మార్చవలసినవి. మీకు వేసినది ఏ రకమో క్లినిక్‌లో అడిగి తెలుసుకోండి. ఏదైనా సరే, చూపించకుండా ఏడాది దాటడం ఎక్కువే. వేసిన రోజున "ఇన్నాళ్ళకు మార్చాలి" అని ఎవరూ చెప్పలేదని రాశారు. అది చెప్పవలసిన బాధ్యత వేసినవారిది, ఊహించవలసిన బాధ్యత మీది కాదు.

దీనికి తోడు షుగరు అదుపులో లేకపోతే ఫంగస్‌కు బలం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎంతకాలం క్రితం చేయించారో మీ ఉత్తరంలో లేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 తగ్గే వీలుంది, బి12 గానీ ఇనుము గానీ తగ్గినా పెదవుల మూలలు చీలుతాయి. తొమ్మిదేళ్ళలో సెట్టు పళ్ళు అరిగిపోయి, దవడలు మునుపటికంటే దగ్గరగా మూసుకుని, మూలల్లో మడత పడి లాలాజలం నిలిచినా చీలుతాయి. కాబట్టి ఆ మూలలకు మందు రాయడంతోబాటు ఈ రెండూ చూపించండి.

ఇక ఏ సెట్టు అన్న ప్రశ్న. ఫంగస్ అసలే పట్టని సెట్టు ఈ రోజుకు ఎవరి దగ్గరా లేదు. వెండి, జింకు, టైటానియం వంటి వాటి సూక్ష్మ రేణువులను యాక్రిలిక్‌లో కలిపి ప్రయత్నాలు చేస్తున్నారు గాని, వాటిని నమ్ముకుని మీరు ఆగవలసిన పని లేదు. ఉన్నవాటిలో తేడాలు మాత్రం నిజమే.

ఆడపడుచు గారు కొనిస్తానంటున్న ఫ్లెక్సిబుల్ సెట్టు నైలాను జాతిది. కరిగించి అచ్చులోకి ఎక్కిస్తారు. కింద పడితే పగలదు, పల్చగా ఉంటుంది, యాక్రిలిక్ పడనివారికి ఉపయోగం. కానీ దాన్ని పాలిష్ చేయడం కష్టం, వాడేకొద్దీ తొందరగా గరుకవుతుంది. క్యాండిడా అంటుకోవడం యాక్రిలిక్ మీదకంటే నైలాను మీద ఎక్కువని పరీక్షల్లో పలుమార్లు కనిపించింది. వదులైతే లోపల కొత్త పొర వేసి సరిచేయడం కూడా అంత సులువు కాదు. కొన్ని పళ్ళు మిగిలి, మధ్యలో రెండు మూడు పోయినవారికి దాన్ని ఇస్తాం. పళ్ళన్నీ పోయి, అంగిట్లో ఇప్పటికే ఫంగస్ ఉన్న మనిషికి అది నా ఎంపిక కాదు. ప్రేమతో ఇస్తున్న డబ్బును కాదనడం ఎలా అని మీరు సంకోచించవచ్చు. డబ్బు కాదనకండి, రకం మార్చమనండి.

విజయవాడలో చెప్పిన చెక్కుడు సెట్టు సంగతి వేరు. అందులో కార్ఖానాలోనే ఎక్కువ ఒత్తిడిలో, వేడిలో ముందే గట్టిపరచిన యాక్రిలిక్ బిళ్ళను తెచ్చి, కంప్యూటర్ ఇచ్చిన ఆకారంలో మిషన్ చెక్కుతుంది. పచ్చిగా మిగిలే ద్రవం తక్కువ, బుడగలు తక్కువ, లోపలివైపు కూడా ప్లాస్టరు అచ్చు మీద ఆధారపడదు. నునుపులోనూ, క్యాండిడా తక్కువ అంటుకోవడంలోనూ ప్రయోగశాల పోలికల్లో ఎక్కువభాగం దీనికే మొగ్గు చూపాయి. అయితే ప్రయోగశాలలో బిళ్ళముక్కకు షుగరు ఉండదు, అది రాత్రి నోట్లో పడుకోదు. తీసి శుభ్రం చేయని చెక్కుడు సెట్టు కంటే, రాత్రి తీసి పెట్టే మామూలు సెట్టు కింద అంగిలి ఆరోగ్యంగా ఉంటుంది. మూడింతల డబ్బు పెట్టి, అలవాటు పాతదే ఉంచితే, ఏడాదికి మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తారు. ఒక మాట మాత్రం దాని పక్షాన చెప్పాలి. కొలతలన్నీ కంప్యూటర్‌లో దాచి ఉంటాయి గనుక, రేపు కింద పడి పగిలినా, పోయినా, అచ్చు మళ్ళీ తీయకుండా అలాంటిదే ఇంకొకటి చేయించవచ్చు. పళ్ళు లేకుండా ఒక్క పూట కూడా కనపడలేని మనిషికి ఆ భరోసా ఫంగస్ లెక్కకంటే విలువైనది కావచ్చు.

కంప్యూటర్ సెట్టు అన్న పేరుతోనే ఇంకొక రకం కూడా ఇస్తున్నారు, త్రీడీ ప్రింటింగ్‌ది. ద్రవాన్ని పొర మీద పొరగా కాంతితో గట్టిపరుస్తారు. చవక, త్వరగా అవుతుంది. పొరల గీతలు మిగలడం వల్లా, తర్వాత కడిగి మళ్ళీ కాంతిలో పెట్టే దశ సరిగా చేయకపోతే పచ్చి మిగలడం వల్లా ఫలితాలు ఒక తీరుగా రావడం లేదు. చెక్కినదా, ప్రింటు తీసినదా అని క్లినిక్‌లో స్పష్టంగా అడగండి. రెండూ ఒకటే అని జవాబిస్తే ఇంకొకచోట అడగండి.

మామూలు హీట్ క్యూర్, అంటే వేడితో గట్టిపరచిన యాక్రిలిక్‌ను తక్కువ చేసి చూడవద్దు. నిదానంగా కాచి, బాగా తీర్చిన సెట్టు మీ అత్తగారికి సరిపోతుంది, వదులైతే సరిచేయవచ్చు, పగిలితే అతకవచ్చు. ఖర్చు బరువనిపిస్తే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, మీకు దగ్గర్లోని తక్కెళ్ళపాడు కళాశాలలోనో కనుక్కోండి. విద్యార్థులు చేసినా వెనక అధ్యాపకులు ఉంటారు. నాలుగైదుసార్లు తిరగవలసి రావడం, ఎండల్లో పెద్దావిడను తిప్పడం అందులోని కష్టం. అంగిలి భాగాన్ని కోబాల్ట్ క్రోమియం లోహంతో పోయించుకునే పద్ధతి కూడా ఉంది. నునుపు, పల్చన, నీరు పీల్చదు, వేడి చల్లన తెలుస్తాయి, కానీ బరువు, వదులైతే లోహం భాగానికి పొర వేయడం కష్టం.

అసలు కొత్తదే వద్దని ఆవిడ పట్టుబడితే ఇంకొక దారి ఉంది. పాత మెత్తటి పొరను గీకించేసి, ల్యాబులో వేడితో గట్టి పొర వేయించడం. ఖర్చు తక్కువ, నోటికి అలవాటైన సెట్టే ఉంటుంది. అయితే ఆ పని జరిగే ఒకటి రెండు రోజులు సెట్టు ల్యాబులో ఉంటుంది, ఆవిడ పళ్ళు లేకుండా ఉండాలి. పైగా అరిగిన పళ్ళు అలాగే ఉంటాయి కాబట్టి పెదవి మూలల బాధ తిరిగి రావచ్చు. కొత్త సెట్టు చేయించుకుంటే మాత్రం అది పూర్తయ్యేదాకా పాతది ఆవిడ దగ్గరే ఉంటుంది. ఈ తేడాను ఆవిడకు విడమరిచి చెప్పి చూడండి. కొత్తది వద్దనడం వెనక ఉన్నది ఖర్చు కాదు, పళ్ళు ఇచ్చేసి రావలసి వస్తుందన్న భయమేమోనని నాకనిపిస్తోంది.

ఏ దారి పట్టినా ముందు అంగిలి మానాలి. వాచి ఎర్రబడ్డ అంగిలికి అచ్చు తీస్తే, వాపు తగ్గాక ఆ సెట్టు వదులవుతుంది. రేపే కొలతలు ఇచ్చేద్దామని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. మందు రెండుసార్లు పనిచేసి మళ్ళీ తిరగబెట్టడానికి కారణం మందు కాదు. నోటికి మందు పూసి, ఫంగస్ నిండిన పొరను మళ్ళీ దానిమీదే అతికించడం. డాక్టరు చెప్పినన్ని రోజులు, ఎరుపు తగ్గినా ఆపకుండా, సెట్టు తీసి అంగిలికి పూయాలి, సెట్టు లోపలివైపుకూ పూయాలి. ఒక జాగ్రత్త: మింగే మాత్రగా ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు రాస్తే, ఆవిడ గ్లిమిపిరైడ్ వాడుతున్నారని గుర్తు చేయండి. రెండూ కలిసి షుగరును బాగా కిందికి దించగలవు. రక్తం పల్చబరిచే మందు వాడుతుంటే ఫ్లూకోనజోల్, మైకోనజోల్ అనే రెండు ఫంగస్ మందుల విషయంలోనూ ముందే చెప్పాలి. నిస్టాటిన్ అనే ఫంగస్ మందు ఇచ్చినట్లయితే, క్లోర్‌హెక్సిడిన్ నోటి మందును అదే సమయంలో పుక్కిలించకూడదు, ఒకదాన్ని ఒకటి చెడగొడతాయి. రెండు మూడు వారాలకూ మానని పుండు గానీ, గీకినా రాని తెల్లటి మచ్చ గానీ, గట్టిపడిన చోటు గానీ ఉంటే అది ఫంగస్ అనుకుని కూర్చోకుండా నోటి వ్యాధుల నిపుణులకు చూపించండి.

కడగడం గురించి: మెత్తటి బ్రష్షు, గిన్నెలు కడిగే సబ్బు ద్రవం ఒక చుక్క, మామూలు నీళ్ళు, రోజుకు రెండుసార్లు. కింద బకెట్టులో నీళ్ళు పెట్టుకుని తోమితే జారినా పగలదు. మందుల షాపులో దొరికే నానబెట్టే బిళ్ళలు వాడవచ్చు, నోట్లో పెట్టుకునే ముందు బాగా కడగాలి. హైపోక్లోరైట్, అంటే బ్లీచు ద్రావణం ఫంగస్‌ను బాగా చంపుతుంది గాని, అర శాతం బలానికీ పది నిమిషాలకూ మించకూడదు, లోహం ఉన్న సెట్టుకు వాడకూడదు, మెత్తటి పొర ఉండగా డాక్టరును అడగకుండా వాడకండి. సెట్టు ఉంచే గిన్నెనూ రోజూ కడిగి నీళ్ళు మార్చండి.

ఇప్పుడు ఆరో పేజీ. రాత్రి ఆరేడు గంటలు అంగిలికి సెట్టు ఎడబాటు లేకపోతే పైన రాసిన దేనికీ పూర్తి ఫలితం ఉండదు. జపాన్‌లో 85 ఏళ్ళు పైబడినవారిని కొన్నేళ్ళపాటు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టు పెట్టుకుని నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. అయితే ఈ సంగతి చెప్పి ఆవిడను బెదిరించమని నేననను. భర్త ముందు కూడా దాచుకున్న నోటిని, అంకెలు చెప్పి తెరిపించలేం.

మీ ముందు మూడు నాలుగు తీరులున్నాయి. మీరే నేరుగా చెప్పవచ్చు. మీరు చెబితే సంక్రాంతి నాటి మాట మధ్యలో నిలబడుతుంది, తన మీద నెపం తోస్తున్నారని ఆవిడకు అనిపించవచ్చు. డాక్టరు గారి చేత, మీరు గదిలో లేనప్పుడు చెప్పించవచ్చు. నా అనుభవంలో ఈ తరం ఆడవాళ్ళు డాక్టరు మాటను ఆజ్ఞగా కాక మందుచీటీగా తీసుకుంటారు, అందులో వారికి చిన్నతనం ఉండదు. వీలుంటే ఆడ డాక్టరైతే మేలు. లేదా ఏమీ చెప్పకుండా గదిలో ఏర్పాటు మార్చవచ్చు. పరీక్షల పేరు మీద మనవరాలిని వేరే గదిలో పడుకోబెడితే ఆవిడకు ఏకాంతం దొరుకుతుంది. కానీ ఆ పిల్ల తోడు ఆవిడకు ఎంత అవసరమో మీకే తెలుసు. రాత్రి లేచి తడబడే వయసు, షుగరు మనిషి. ఒంటరి గది వద్దనుకుంటే దీపం ఆర్పాక తీసి, మంచం పక్కన మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని, తెల్లవారి పిల్ల లేవకముందే పెట్టుకునే వీలుందని డాక్టరు చేతే చెప్పించండి. అదీ కుదరకపోతే మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకునే రెండు గంటలు, స్నానం, పూజ చేసుకునే గంట కలుపుకుని పగలే తీయించండి. రాత్రితో సమానం కాదు, మానడం ఆలస్యమవుతుంది. కానీ ఇరవై నాలుగు గంటలూ మూసి ఉంచడం కంటే ఎంతో నయం. చాలామంది అక్కడ మొదలుపెట్టి, మంట తగ్గిన సుఖం తెలిశాక తామే రాత్రికి మారారు.

ఆడపడుచు గారికి జవాబు మీరు ఫోనులో ఇవ్వకండి. మీ వారిని ఒక్క పని చేయమనండి: తర్వాతిసారి తల్లిని క్లినిక్‌కు ఆయనే తీసుకువెళ్ళి, మెత్తటి పొర సంగతీ, నైలాను సంగతీ డాక్టరు నోట విని, చెల్లెలికి ఆయనే చెప్పాలి. టూత్‌పేస్టు, వేడినీళ్ళ విషయం మాత్రం మీరే ముందుగా చెప్పేయండి, ఇంకొకరు కనిపెట్టి చెప్పే అవకాశం ఉంచకండి. అయితే రాత్రి సెట్టు తీయని సంగతి కూతురికి చెప్పాలా వద్దా అన్నది అత్తగారి ఇష్టానికి వదలండి. అది చెబితే మీ మీది నింద ఒక్క నిమిషంలో పోతుంది, నిజమే. కానీ ఆ నాలుగు పంక్తుల్ని మీరు పేజీ అడుగున దాచి రాసిన తీరు చూస్తే, ఆ మాట ఆవిడ అనుమతి లేకుండా బయటపెట్టడం మీకూ ఇష్టం లేనట్టే ఉంది.

క్లినిక్‌కు వెళ్ళేటప్పుడు రెండు సెట్లూ, వాడుతున్న మందుల చీటీలూ, తాజా షుగరు రిపోర్టూ తీసుకువెళ్ళండి. మెత్తటి పొర తీయించి, రెండు మూడు వారాలు మందు వాడాక అంగిలి మామూలు గులాబి రంగుకు వచ్చిందో లేదో రాయండి. ఎరుపుతోబాటు చిన్న చిన్న బొడిపెలు మిగిలి ఉంటే అది కూడా రాయండి. అవి మందుతో అణగకపోవచ్చు, కొత్త సెట్టుకు కొలతలు ఇచ్చే ముందు వాటి సంగతి విడిగా మాట్లాడుకోవాలి.